ఇనుము మోగని పూట

“పగలల్లా నీడపట్టున కూకుని దీపం గాజు తుడిసీదానికి ఒళ్ళు నొప్పులేటే నీకు?” అంది పైడితల్లి, కోడలి వైపు చూడకుండానే.

చిలకమ్మ లాంతరు గాజును పొయ్యి బూడిదతో తోమి, పాత చీరముక్కతో తుడిచి, వెలుగుకు ఎదురుగా పట్టి చూసుకుంది. మసి పోయింది గాని నడుం నొప్పి పోలేదు. తెల్లారకముందు లేచిన మనిషి. నీళ్ళు మోసింది, అంబలి కాచింది, అత్త కాళ్ళకి ఆముదం రాసింది, మొగుడి ఖాకీ చొక్కా ఉతికి ఆరేసింది. ఈ పనుల మధ్యన స్టేషనులో గంట మోగిన ప్రతిసారీ చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తి గేటు వేసింది, బండి వెళ్ళిపోయాక తీసింది. అన్నం ఉడుకుతుంటే గేటు, ఒంటికి నీళ్ళు పోసుకుంటుంటే గేటు. కడుపుతో ఉన్నప్పుడూ గేటే. ఆ కడుపు నిలవలేదు. బరువైన కొయ్యగేటు తొయ్యడం వల్లేనని మంత్రసాని అంటే, “గేటు మీదికి నెట్టీకు, దీని ఒంట్లోనే నేదు సత్తువ” అంది అత్త. ఇదంతా నీడపట్టున కూర్చోవడం కిందికే వస్తుంది.

గేటు ఉద్యోగం లోకనాథానిది. రంగూనులో చిమిండైంగ్ బజారు దాటి కొంత దూరం పోతే, పెద్ద బండ్లు ఆగకుండా వెళ్ళిపోయే ఒక చిన్న స్టేషను వస్తుంది. ఒక గది, ఒక రేకుల పందిరి, ఒక గంట. దానికి కేకదూరంలో ఈ గేటు. అహ్లోన్ మిల్లులకు ధాన్యం మోసే ఎడ్లబళ్ళన్నీ దీన్ని దాటి పోవలసిందే. గంజాం నుంచి ఓడెక్కి వచ్చిన లోకనాథానికి, రైలు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న పెదనాన్న కొడుకు కన్నారావు ఈ పని వేయించాడు. జీతం లోకనాథానిది, ఇత్తడి బిళ్ళ లోకనాథానిది, గేటు పక్కన ఇచ్చిన ఒంటిగది కొంప లోకనాథానిది. గేటు మాత్రం చిలకమ్మది. అతగాడికి మధ్యాహ్నం కునుకు, పొద్దుగూకితే కల్లుపాక. “మొగోడన్నాక బైట నాలుగు మొకాలు సూడాల. నువ్వు ఇంటికాడే ఉంతావు గదా, గేటూ ఇంటికాడే ఉంది గదా” అనేవాడు. ఈ తర్కానికి ఎదురు చెప్పగల మనిషి ఆ లైను పొడుగునా లేడు.

ఒక్క చిక్కు ఉండేది. స్టేషనులో గంట కొట్టగానే గేటు వేసి, కాపలా మనిషి తన పేరు చెప్పి, స్టేషనుకు వినబడేలా “గేటు బంద్” అని కేక పెట్టాలి. ఆ కేక విన్నాకే మాస్టరు బండికి దారి ఇస్తాడు. కాపలా మనిషి లోకనాథం కనక ఆ పేరే పలకాలి. మొగుడి పేరు చిలకమ్మ ఎలా పలుకుతుంది? పలికితే ఆయుష్షు తగ్గుతుందని పుట్టినప్పటినుంచీ విన్నదే. పెళ్ళయి గుమ్మం దగ్గరికి వచ్చిన రోజు ఆడపడుచు అడ్డంగా నిలబడి, పేరు చెప్తేగాని లోపలికి రానివ్వనంటే, మెడ వంచుకుని గొంతులోనే గొణిగింది. అది మొదలు, అదే ఆఖరు. తర్వాత ఆ మనిషి ‘మావ’, ‘ఆళ్ళు’, ‘ఇంటికాడి మనిషి’. అందుకని గేటు పక్కన వేలాడే రైలుముక్కను ఇనపకడ్డీతో రెండు దెబ్బలు కొట్టేది. మాస్టరు అదీ ఒప్పుకున్నాడు. పేరు వినబడితే గేటు దగ్గర లోకనాథం, ఇనుము మోగితే అతని పెళ్ళాం. స్టేషనులో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనని సంగతి. రోజంతా ఇనుమే మోగేది.

కిందటి యేడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఊ ఫో బండి చక్రం పట్టాల మధ్య ఇరుక్కుంది. ఊ ఫో ఊక తోలే ముసలి బర్మా బండివాడు. గేటు దాటినప్పుడల్లా “తమీ!” అని పలకరించేవాడు. బిడ్డా అని దాని అర్థం. ఆ దేశంలో ఆమెను అలా పిలిచినవాడు అతనొక్కడే. స్టేషనులో గంట మోగకుండానే వంపు అవతల కూత వినబడింది. చిలకమ్మ దండెం మీద ఆరుతున్న తన ఎర్రచీర లాక్కుని పట్టాల వెంట రైలుబండికి ఎదురు పరుగెత్తింది. కంకర కాళ్ళలో గుచ్చుకుంటోంది, చీర రెండు చేతులా ఊపుతోంది, నోట్లోంచి ఏ కేక వస్తోందో తనకే తెలియదు. ఇంజను ఆమెకు ఆమడ దూరంలోనేం ఆగలేదు. ఆవిరి మొహానికి కొట్టేంత దగ్గర ఆగింది.

చెప్పాపెట్టకుండా వచ్చిన ఆ తనిఖీ బండిలోంచి ఒక దొర దిగాడు. ఆయన వెంట కన్నారావూ దిగాడు. గొడవకి నిద్ర లేచిన లోకనాథం జుట్టు ముడేసుకుంటూ వచ్చి చిలకమ్మ వెనక నిలబడ్డాడు. “ఈ గేటు కాపలా మనిసి పేరేటో సెప్పమంతన్నారు దొరగారు” అన్నాడు కన్నారావు. పేరు అనేసరికి చిలకమ్మకు నోరు పెగల్లేదు. ఎప్పటి అలవాటో, గడ్డం ఎత్తి మొగుడి వైపు చూపించింది. దొర ఆమెను దాటుకుని వెళ్ళి లోకనాథం చెయ్యి పట్టుకుని ఊపాడు. కన్నారావు ఇంగ్లీషులో ఏదో అల్లాడు. మొగుడు చక్రం లేపుతూ పెళ్ళాన్ని చీరతో పరిగెత్తించాడన్నాడని తర్వాత తెలిసింది. తెలివైన మొగుడు, మాట వినే పెళ్ళాం. దొరకు రెండూ నచ్చాయి. లోకనాథం ఒక్కసారి చిలకమ్మ కళ్ళలోకి చూశాడు, తర్వాత నేల చూశాడు, ఆ తర్వాత ఛాతీ విరుచుకున్నాడు. అంతసేపట్లో నిజం చెప్పడానికి వ్యవధి లేకపోలేదు.

బహుమతిగా ఉన్నికోటు ఇచ్చారు. రంగూను ఉక్కలో ఉన్నికోటు! చెమటలు కారుతున్నా విప్పేవాడు కాదు. గేటు ముందు ఫొటో కూడా తియ్యమన్నారు. బజారులో దుకాణమున్న జపాను ఫొటో ఆయన వచ్చాడు. ఆయన వెనకాలే మూడు కాళ్ళ బల్లా, నల్లగుడ్డా, బరువైన పెట్టె మోసుకుంటూ ఆయన భార్య వచ్చింది. కోటు తొడిగి, పచ్చజెండా చేతికిచ్చి లోకనాథాన్ని నిలబెట్టారు. పక్కన పీట మీద పైడితల్లి. చిలకమ్మ కొంగు సర్దుకుని అత్త వెనక్కి చేరబోతే, “నువ్వు ఈడెందుకు, బండొచ్చీ యేళయింది, గేటు కాడికెల్లు” అన్నాడు మొగుడు. గేటు కాపలావాడి ఫొటో తీస్తున్నంతసేపూ గేటు ఎవరో ఒకరు కాయాలి కదా. గంట మోగింది. చిలకమ్మ గేటు తోసి రైలుముక్కను రెండు దెబ్బలు కొట్టింది. నల్లగుడ్డ పట్టుకున్న జపానావిడ తల తిప్పి, మసి చేతుల మనిషిని చాలాసేపు చూసింది.

ఆవిడ పేరు కియో. ఇంటి పనికి మనిషి కావాలని ఆవిడే అడిగింది. గేటుకి రెండు బళ్ళ మధ్య మధ్యాహ్నం చాలా ఖాళీ ఉంటుందని పైడితల్లికి వెంటనే గుర్తొచ్చింది. ఆ వేళకు గేటు దగ్గర మొగుడుంటాడనీ, సాయంత్రం బండికల్లా కోడలు తిరిగి రావాలనీ ఒప్పందం. కూలి అత్త చేతికి.

కియో బజారు హిందుస్తానీలో నాలుగు ముక్కలు, బర్మా మాటలు రెండు కలిపి మాట్లాడేది. చిలకమ్మదీ అదే బాపతు. అయినా వాళ్ళకి ఎప్పుడూ మాట తడుముకోవలసి రాలేదు. దుకాణం బోర్డు మీద మొగుడి పేరుండేది. చీకటిగదిలో అద్దాలు కడిగేది, మొహాల మీద మచ్చలు సన్నటి కుంచెతో దిద్దేది కియో. ఆ గది గోడకి ఒక ఫొటో ఉంది. మంచు కప్పిన కొండ కింద ఓ చిన్న స్టేషను, ముందు వరసలో టోపీల మగవాళ్ళు.

“మా ఊరి స్టేషను. అదిగో, చివర నిలబడ్డది మా నాన్న” అంది కియో ఒకరోజు బట్టలు మడత పెడుతూ. “అది రాకముందు మా ఊళ్ళో పట్టుపురుగు గూళ్ళు మోసుకుని కొండ దాటి పోయేవారట. స్టేషను కావాలంటే ఊరే కంకర మొయ్యాలన్నారు. మగవాళ్ళు పట్నం పనులకు పోయి ఉంటే ఏటిలోంచి రాళ్ళన్నీ ఆడవాళ్ళే బుట్టలతో మోశారు. మా అమ్మమ్మ భుజం ఒకటి చివరిదాకా కిందికి వాలే ఉండేది.”

“మా కాడా అంతే” అంది చిలకమ్మ. “ఈ లైను కట్ట మా గంజామోళ్ళు, ఇసాపట్నమోళ్ళు మట్టి మోస్తే లేసిందంట. ఆళ్ళ పేరు ఎక్కడా నేదు.”

“మా స్టేషను ముందు రాయి ఉంది. తెరిచిన రోజు పాతారు. ఊరి పెద్దల పేర్లన్నీ చెక్కారు. అమ్మమ్మ మోసిన రాళ్ళు దాని కింద ఉన్నాయి.” కియో నవ్వింది. నాన్నకి లైను పని ఇచ్చారనీ, గేటు పక్కన ఇల్లిచ్చారనీ, గేటు అమ్మ చూసేదనీ చెప్పింది. కియోను వీపున కట్టుకుని, మోకాలి లోతు మంచు పారతో తీసి, ఒక చేత్తో తెల్లజెండా, ఒక చేత్తో లాంతరు. స్టేషను గదిలో కుంపటి ఉండేదట, నాన్న చలికాలమంతా అక్కడే ఉండేవాడట. చిలకమ్మకు మంచు ఎలా ఉంటుందో తెలియదు. మిగిలినదంతా తెలుసు. అంత దూరపు దేశంలో, సముద్రాలవతల, తన గేటే ఇంకొకటి ఉందని ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ రోజు ఇంటికి పోతూ ఆ జపాను గేటును తల్చుకుంటే నడుం నొప్పి కూడా ఒంటరిగా లేదనిపించింది. ఆ తర్వాత రోజూ ఆ స్టేషను గురించి ఏదో ఒకటి అడిగేది. అరుగు పక్కన పళ్ళ చెట్టుందా, మాస్టరు మంచివాడేనా, రోజూ ఎన్ని బళ్ళొస్తాయి అని.

అలా అడుగుతూ కూర్చున్న ఒక ముసురు సాయంత్రం ఆలస్యమైంది. చిలకమ్మ గోనెపట్టా తల మీద వేసుకుని లైను వెంట పరుగులాంటి నడక నడుస్తోంది. స్టేషనులో గంట మోగింది. అంతలోనే గేటు వైపునుంచి “లోకనాథం, గేటు బంద్!” అని కేక వినబడింది. మొగుడి గొంతే. హమ్మయ్య, లేచాడు అనుకుంది. నడక నెమ్మదించింది కూడా. ఆ నెమ్మదించిన నాలుగడుగులూ తర్వాత ఆమె కలలోకి వచ్చేవి. మలుపు తిరిగేసరికి గేటు బార్లా తీసి ఉంది. ఇంటి అరుగు మీద నులకమంచం, మంచం మీద ఉన్నికోటు, కోటులో మొగుడు. పట్టాల మీద ఊ ఫో బండి. ముసలివాడు అటూ ఇటూ చూడను కూడా లేదు. బర్మా చుట్ట నోట్లో పెట్టుకుని, గేటు తీసి ఉంది కనక నింపాదిగా తోలుకుపోతున్నాడు. చిలకమ్మ అరిచింది. ఆ అరుపు రైలుబండి చప్పుడులో కలిసిపోయింది.

ఎడ్లలో ఒకటి బతికింది.

ఆ రాత్రి ఆ కొంపలో ఎవరు ఏం తిన్నారో చిలకమ్మకు గుర్తు లేదు. మర్నాడు కన్నారావు వచ్చాడు. చిలకమ్మ తలుపు వెనక్కి తప్పుకుంటే, “నీతోటే పనమ్మా, ఇలా రా” అన్నాడు. అంత మర్యాదగా అతను ఎన్నడూ పిలవలేదు.

“సూడమ్మా, ఇచారణకి దొర వొస్తాడు. లోకనాథం గేటు కాడున్నాడని తేలిందా, ఉద్యోగం పోద్ది, ఇల్లు పోద్ది, జైలు కూడాను. అదే నువ్వున్నావనుకో, ఆడికి జొరం, నిన్ను కూకోబెట్టి పడుకున్నాడు, నువ్వు పరాగ్గా ఉన్నావు. ఆడికి కసుర్లు, ఏదో శిచ్చ. నిన్నేటి సేస్తారు? నువ్వు నౌకరీ మనిసివి కాదు. ఆడదాన్ని కసిరి ఒగ్గీస్తారు.”

“నాను గేటు కాడ లేను గదా బావా ఆ యేళకి” అంది చిలకమ్మ.

“ఉండొద్దా మరి?” అని అందుకుంది పైడితల్లి. “ఇంటికాడుంటే ఈ ముండమోపి పని జరుగునా? జపానోళ్ళింట కబుర్లకి కూకున్నావు.” కూలికి పంపింది ఎవరో అత్తకు గుర్తులేనట్టుంది. “నీ నోటితో ఒక్క ముక్క అంటే నీ తాడు నిలుస్తాది. మొగుడి ఉసురు నువ్వే తీసుకుంతావేటే?”

లోకనాథం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, తలెత్తి, “చిలకా, నువ్వు తిన్నావేటి?” అన్నాడు. కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట మొదటిసారి విన్నది. కడుపు పోయిన రోజు కూడా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నకు ఒకప్పుడైతే ఆమె కరిగి నీరయ్యేది. ఇప్పుడు కడుపు మండిపోయింది. కంచంలో వేళ్ళాడిస్తూ అతనే గొణిగాడు: “లేసి ఏద్దామనే అరిసినాను. కన్ను మూతడిపోనాది.” అబద్ధం కాదది. ఆమె వస్తుందనీ, ఎప్పుడూ ఆమే వేస్తుందనీ అతని ఒళ్ళంతా నమ్మి ఉంది. అంత నమ్మకంతో నిద్రపోగలిగిన మొగుణ్ణి ఏమనాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం పిడికెడు బియ్యం కొంగున కట్టుకుని ఊ ఫో గుడిసెకు వెళ్ళింది. అతని భార్య డా మ్యా బియ్యం పుచ్చుకోలేదు, తోసెయ్యనూ లేదు. “గేటు తీసి ఉంటే రైలుబండి రానట్టే, అక్కడ మా తమీ ఉంది అనేవాడు. అందుకే చూడడం మానేశాడు” అంది బర్మా భాషలో, నెమ్మదిగా. “ఆ పూట నువ్వేనా?”

కాదని చెప్పొచ్చు. కాదంటే మరెవరని అడుగుతుంది. చిలకమ్మ తల వంచుకుని వచ్చేసింది.

పనికి రానని చెప్పడానికి కియో దగ్గరికి వెళ్ళింది. కియో అప్పటికే విన్నది. చీకటిగది గుమ్మంలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. “భయపడకు. మా స్టేషనులో కూడా జరిగింది” అంది. “మంచు పడే సాయంత్రం. నూనె అమ్ముకునే అతను గుర్రబ్బండితో వచ్చాడు. గేటు వెయ్యలేదు.”

“మీ అమ్మేటి సేస్తన్నాదప్పుడు?”

“ఏట్లో బట్టలుతుకుతోంది. నేను వీపు మీద ఉన్నాను. ఇల్లు చేరేసరికి అయిపోయింది. నాన్న స్టేషను గదిలో తాగి పడుకున్నాడు. అమ్మ అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, నేనే కునుకు తీశాను అంది.” కియో గొంతులో గర్వం పలికింది. “ఎంత మంచి భార్య! నాన్న ఉద్యోగం నిలిచింది. చివర్లో వెండి గడియారం ఇచ్చి పంపారు. స్టేషను గదిలో ఇప్పటికీ నాన్న బొమ్మ వేలాడుతోంది.”

“మరి మీ అమ్మ?”

“ప్రతి యేడూ అదే రోజున ఆ నూనె అతని ఇంటి ముందు మంచులో తల వంచుకుని నిలబడేది. వాళ్ళు ఎప్పుడూ తలుపు తియ్యలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు బావి దగ్గర పక్కకి జరిగేవారు. తర్వాత అమ్మ మాట్లాడడం తగ్గించింది. చనిపోయినప్పుడు ఆ వీధిలోంచి మోసుకుపోనివ్వలేదు, పొలాల వెంట తీసుకుపోయాం.” అంతా చెప్పి, “నువ్వూ మంచి భార్యవే. నీకూ ధైర్యం వస్తుంది” అని చిలకమ్మ చెయ్యి నిమిరింది.

చిలకమ్మ గోడ మీది ఫొటో వైపు చూసింది. “అమ్మ పొటో ఉందా అమ్మగారూ?”

ఊళ్ళో సగం మంది మొహాలు దిద్దిన మనిషి కాసేపు ఆలోచించింది. “అమ్మకి ఫొటో లేదు” అంది. అన్నాక తనే ఆ మాట విన్నట్టు, టీ గిన్నె చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయింది.

విచారణ స్టేషను గదిలోనే. కొత్త దొర. బల్ల పక్కన తర్జుమాకు కన్నారావు. మూల బెంచీ మీద ఉన్నికోటు వేసుకుని లోకనాథం, గోడవార పైడితల్లి. తలుపు బయట అరుగు మీద డా మ్యా కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. మాస్టరును అడిగితే, “గేటు బంద్ అని విన్నాను, వానలో గొంతెవరిదో తెలియలేదు” అన్నాడు. ఇన్నేళ్ళుగా ఇనుముకూ పేరుకూ తేడా తెలిసిన మనిషి, బల్ల మీద మరకను గోటితో గీకుతూ కూర్చున్నాడు. చిలకమ్మకు ఒళ్ళు మండింది. అందరూ విన్నారు. విన్నది మింగడం ఇంత సులువని ఆమెకు తెలియదు.

దొర ఇంగ్లీషులో ఏదో అడిగాడు. “ఆ యేళకి గేటు కాడున్నది నువ్వేనా అంతన్నారు. తలూపీయమ్మా, సాలు” అన్నాడు కన్నారావు.

“ఆ పూట ఇనుము మోగనేదు బావా” అంది చిలకమ్మ. “ఇనుము మోగితేనే నాను.”

కన్నారావు కళ్ళు ఒక్కసారి చిన్నవయ్యాయి. దొర వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. దొర చిలకమ్మను జాలిగా చూసి తల పంకించాడు, రాసుకోబోయాడు. ఆ జాలి చూశాకే ఆమెకు సంగతి బోధపడింది. తను తెలుగులో ఏడ్చినా, మొత్తుకున్నా, ఒట్టు పెట్టినా, అవతలికి కన్నారావు దాటనిచ్చిందే దాటుతుంది. ఈ గదిలో గేటు అతనే. కిందటిసారీ అతనే. అప్పుడు పేరు అడిగితే గడ్డంతో చూపించింది. ఆ గడ్డంతోనే అంతా పోగొట్టుకుంది.

అతని చేతిలో మారని మాట ఒక్కటే ఉంది. అది నోటిదాకా వచ్చి ఆగింది. ఆగదా మరి! పలికితే ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. ఈ మనిషి మీద కోపముంది గాని చావాలని లేదు. ఇల్లు పోతుంది, పొయ్యి పోతుంది, రేపు ఎక్కడ పడుకుంటుందో తెలియదు, అత్త శాపనార్థాలు జీవితమంతా వెంట వస్తాయి. అన్నీ తెలుసు. అయినా ఆయుష్షు మాట తల్చుకుంటే ఊ ఫో కళ్ళ ముందు మెదిలాడు. అతని ఆయుష్షు ఎందుకు తగ్గింది? మంచం మీంచి ఎవరో ఆ పేరే పలికి, అటు తిరిగి పడుకున్నందుకు. తను పలకనందుకు ఎవరూ బతికిపోలేదు. పలకని మనిషికి ఏం మిగులుతుందో కియో చెప్పనే చెప్పింది: మంచులో మూసిన తలుపు. తలుపు అనుకోగానే చూపు బయటికి పోయింది. డా మ్యా ఆమెనే చూస్తోంది.

చిలకమ్మ కొంగు నడుముకు దోపుకుంది. గేటు దగ్గర నిలబడినట్టే నిలబడింది. దొర వంక చూడలేదు, కన్నారావు వంక చూడలేదు. గుమ్మం దగ్గర గొణిగినట్టు గొణగలేదు. స్టేషను అవతలిదాకా, అరుగు మీద కూర్చున్న మనిషిదాకా వినబడేలా, ఆ సాయంత్రం తను విన్నది విన్నట్టు కేక పెట్టింది.

“లోకనాథం, గేటు బంద్!”

పైడితల్లి చెవులు మూసుకుంది. కన్నారావు నోరు తెరిచాడు, అందులోంచి ఇంగ్లీషు రాలేదు. దొర కలం ఆపి, “లోకనాథం?” అన్నాడు.

తన పేరు వినబడగానే, అలవాటు చొప్పున, ఉన్నికోటులోని మనిషి లేచి నిలబడ్డాడు.